టెక్ సందేహాలు: కొత్తింటికి ఏ గ్యాడ్జెట్ తీసుకెళ్లాలి?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో మా స్నేహితులు ఇల్లు కట్టుకున్నారు. వచ్చే నెలలో గృహప్రవేశం. నలుగురం కలిసి 6,000 రూపాయలు వేసుకున్నాం. గోడ గడియారాలు, డిన్నర్ సెట్లు ఎలాగూ వస్తాయి. అందుకని మేం స్మార్ట్ స్పీకరో, స్మార్ట్ బల్బులో, ఇల్లు ఊడ్చే రోబోనో ఇద్దామనుకుంటున్నాం. ఏది బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఈ మూడూ వద్దమ్మా. కొత్తింట్లో మొదటి రెండు మూడు నెలలు ఎలా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. వడ్రంగి పని కొంత మిగిలే ఉంటుంది. నెట్ కనెక్షన్‌కి చెప్పి ఎదురుచూస్తుంటారు. వైఫై లేనిదే స్మార్ట్ స్పీకర్‌తో పని లేదు. ఆమధ్య దర్గామిట్టలో మా మిత్రుడి గృహప్రవేశానికి నేను స్పీకరే తీసుకెళ్లాను. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే షోకేస్ కింది అరలో, సీలు కూడా తీయకుండా ఉంది. ఆ ఇంటికి నెట్ రావడానికే చాలా రోజులు పట్టిందట. వాళ్లను ఒక్క మాట అడిగి కొనాల్సింది అనిపించింది.

స్మార్ట్ బల్బు ఫోన్ మాట వినాలంటే గోడ మీది స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పడం మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఇంట్లో పెద్దవాళ్లు స్విచ్ ఆపిన మరుక్షణం ఆ బల్బు ఫోన్‌కి దొరకదు. ఇక రోబో సంగతి. మామూలు రకాలు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటడమే కష్టం. గడపలున్న ఇంట్లో ఒక గది ఊడ్చి ఆగిపోతుంది. మీ డబ్బుకి మంచిది రాదు కూడా.

నన్నడిగితే వాటర్ లెవెల్ కంట్రోలర్ ఇవ్వండి. మోటారు వేసి మరిచిపోవడం, పిట్టగోడ మీంచి నీళ్లు కారుతున్నాయని పక్కింటివాళ్లు కేకేస్తే పరుగెత్తడం ఏ ఇంట్లో లేదు? ఇది ఉంటే మేడ మీది ట్యాంకులో నీళ్లు తగ్గగానే మోటారు తనంతట తానే ఆన్ అవుతుంది, నిండగానే ఆగిపోతుంది. సంపులో కూడా సెన్సర్ పెట్టే రకమైతే, అక్కడ నీళ్లు లేనప్పుడు అసలు ఆన్ కాదు కాబట్టి ఉత్తగా తిరిగి మోటారు కాలిపోదు. నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఇంట్లో అమ్మమ్మకి నేర్పాల్సింది కూడా ఏమీ లేదు.

కొనేటప్పుడు అన్నిటికంటే ముందు సెన్సర్ చూడండి. చవక రకాల్లో ట్యాంకులోకి సన్నటి లోహపు కడ్డీలు వేలాడుతుంటాయి. నీళ్లు తగిలితే వాటి మధ్య కరెంటు పారి, నీళ్లున్నాయని కంట్రోలర్ పెట్టెకు తెలుస్తుంది. కానీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కొన్నాళ్లకే ఆ కడ్డీల మీద తెల్లటి పొర కడుతుంది. అప్పుడు కంట్రోలర్ లెక్క తప్పుతుంది. బకెట్ అడుగున, గీజరు రాడ్డు మీద పేరుకునేది కూడా అదే. అందుకే అయస్కాంతంతో పనిచేసే ఫ్లోట్ సెన్సర్ అడగండి. ప్లాస్టిక్ గొట్టం చుట్టూ అయస్కాంతం ఉన్న చిన్న ఉంగరంలాంటిది నీళ్లతో పాటు పైకీ కిందికీ జరుగుతుంది. ఆ అయస్కాంతానికి స్పందించే స్విచ్ గొట్టం లోపల భద్రంగా ఉంటుంది, నీళ్లు దానికి తగలవు.

మీ స్నేహితులను అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, మోటారు సంపులోదా, బోరులో దింపిన సబ్‌మెర్సిబులా, ఎన్ని హెచ్‌పీ? సబ్‌మెర్సిబుల్‌కి విడిగా స్టార్టర్ పెట్టె ఉంటుంది, దానికి సరిపడే కంట్రోలర్ వేరు. రెండు, ట్యాంకు దగ్గరి నుంచి మోటారు స్విచ్ దాకా వైరు లాగడానికి గోడలో పైపు వేశారా? వేయకపోయినా గోడ పైనుంచి లాగొచ్చు. కాకపోతే కొత్త రంగు వేసిన గోడ మీద అది బాగుండదు, అందుకే ముందే అడగమంటున్నాను. మామూలు సంపు మోటారుకైతే 3,000 రూపాయలకు అటూ ఇటూగా మంచిదే వస్తుంది. ఎలక్ట్రీషియన్ కూలీ కూడా మీ ఖాతాలోనే వేసుకోండి. పెట్టె ఇచ్చి బిగించుకోమంటే సగం కానుకే ఇచ్చినట్టు. బిల్లు మాత్రం వాళ్ల పేరు మీద రాయించండి. రేపు వారంటీకి తిరగాల్సింది వాళ్లు.

మిగిలిన డబ్బుతో నాలుగు ఇన్వర్టర్ బల్బులు తీసుకోండి. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు వెలుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వానలు, వాయుగుండాలు తెలిసిందేగా. ఒక్క జాగ్రత్త: లైటు వెలుగుతున్నంత సేపే అవి చార్జ్ అవుతాయి. పూర్తిగా నిండాలంటే ఎనిమిది పది గంటలు పడుతుంది. బాత్‌రూములో పెడితే రోజుకు పావుగంట కూడా వెలగదు, అవసరానికి బ్యాటరీ ఖాళీగా ఉంటుంది. హాల్లో, వంటింట్లో పెట్టమని చెప్పండి.

ఇంకెవరైనా అపార్ట్‌మెంట్‌లోకి వెళ్తుంటే, అక్కడ ట్యాంకు గొడవ వాచ్‌మన్ చూసుకుంటాడు. అలాంటప్పుడు, పాత ఇంటి నెట్ కనెక్షన్‌నే మార్చుకుంటుంటే, కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చూసే చిన్న యూపీఎస్ ఇవ్వండి. వాళ్ల రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసిన చోట ఫొటో తీసి పంపమనండి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.

ప్రశ్న: మా చెల్లెలి కొత్తింటికి వైఫై కెమెరా కొన్నాను. నా ఫోన్‌లో సెట్ చేసి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వద్దు. ఎవరి ఖాతాతో మొదలుపెడితే కెమెరా వాళ్లదవుతుంది. వాళ్ల ఇల్లు మీ ఫోన్‌లో కనబడుతుంది. డబ్బాతోనే ఇచ్చి, చెల్లెలి ఫోన్‌లో, ఆమె నంబరుతో ఆమె చేతే పెట్టించండి. ఇప్పటికే మీ ఫోన్‌కి కలిపి ఉంటే ముందు యాప్‌లోంచి తీసేసి, ఆ తర్వాత కెమెరాను రీసెట్ చేయండి.

ప్రశ్న: కనిగిరి దగ్గర స్నేహితుడి గృహప్రవేశానికి వాటర్ ప్యూరిఫయర్ ఇద్దామనుకుంటున్నాం. షాపువాళ్లు యూవీ చాలంటున్నారు. ఒక టీడీఎస్ మీటరు కూడా కొనమంటున్నారు.
– ఒక పాఠకుడు, పామూరు

జవాబు: కనిగిరి ప్రాంతం ఫ్లోరైడ్‌తో ఎంత బాధపడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. యూవీ అంటే అతినీలలోహిత కాంతి, అది సూక్ష్మక్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ని ఏమీ చేయలేదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. అక్కడికి ఆర్‌ఓ (కరిగిన లవణాలను వడకట్టే పొర) ఉన్నదే తీసుకోండి.

టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మీటరుకి పెట్టే డబ్బుతో ఒక సీసాడు బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి. బిగించిన తర్వాత ప్యూరిఫయర్ నీళ్లూ ఒకసారి చేయించండి.

ఇంకొక్క మాట. చాలా ఆర్‌ఓల్లో రుచి కోసమని టీడీఎస్ అడ్జస్టర్ ఉంటుంది. అది ఆర్‌ఓ గుండా పోని నీళ్లను కొంచెం మళ్లీ కలుపుతుంది. వాటితో పాటే ఫ్లోరైడ్ కూడా గ్లాసులోకి వస్తుంది. బిగించడానికి వచ్చిన మనిషి దగ్గర నిలబడి దాన్ని పూర్తిగా మూయించమని మీ స్నేహితుడికి తప్పకుండా చెప్పండి.