రాతి ద్వారబంధాన్ని ఫోటో తీయడానికి ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: నేను మండపేట దగ్గర పల్లెటూరిలో ఉంటున్న రిటైర్డ్ డ్రాయింగు మాస్టారిని. బిక్కవోలు, ద్రాక్షారామం గుళ్ళ రాతి ద్వారబంధాలను, కోనసీమ మండువా లోగిళ్ళ వీధి గుమ్మాలను ఫోటోలు తీసి, వచ్చే ఉగాదికి ఒక ప్రెస్సు ద్వారా క్యాలెండరు వేయించి అమ్మాలనుకుంటున్నాను. ఒక గుడిలో సిబ్బంది నా ఫోను లాక్కుని ఫోటోలు తుడిచేశారు. రోడ్డు మీద నిలబడి తీసిన ఒక ఇంటి గుమ్మం ఫోటోలో అరుగు మీద బియ్యం చెరుగుతున్న పెద్దావిడ కూడా పడింది. దాన్ని వాట్సాప్‌లో చూసిన ఆమె కొడుకులు లాయరు నోటీసు పంపిస్తామంటున్నారు. నేను చేసినది తప్పా?

జవాబు: ఫోటో తీయడం వరకు తప్పేమీ లేదు. మీ ఇబ్బందులన్నీ ఆ గుమ్మం దగ్గరకు ఏ హక్కుతో వెళ్ళారు, ఫోటోలో ఇంకెవరు పడ్డారు, దాన్ని దేనికి వాడుతున్నారు అన్న చోట్ల మొదలవుతాయి.

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం శిల్పికైనా, వడ్రంగికైనా తన పనితనం మీద ఉండే హక్కు అతని జీవితకాలం, మరణానంతరం మరో 60 సంవత్సరాలు మాత్రమే ఉంటుంది కనుక, తూర్పు చాళుక్యుల కాలపు ద్వారబంధం మీద ఇవాళ ఎవరికీ కాపీరైటు లేదు. కట్టడం కొత్తదైనా సరే, దాని ఫోటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదని అదే చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఇల్లు సొంతమైనంత మాత్రాన దాని రూపం మీద కాపీరైటు రాదు. కాబట్టి "మా ఇంటి ఫోటో మీద హక్కు మాది" అనే వాదన ఈ చట్టం కింద నిలవదు.

గుడుల విషయానికి వస్తే, బిక్కవోలు గోలింగేశ్వరాలయం, ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత కట్టడాల ఆవరణలో సందర్శకులు ఫోటోలు తీసుకోవడానికి ఆ శాఖ 2018లో, అజంతా వంటి కొద్ది చోట్లు మినహాయించి, వెసులుబాటు ఇచ్చింది. అయితే ఇవి పూజలు జరుగుతున్న ఆలయాలు. గర్భాలయంలోకి కెమెరా తేరాదని దేవస్థానం బోర్డు పెడితే ఆ కట్టుబాటును పాటించవలసిందే. చేతిలో పట్టుకున్న ఫోనుతో తీయడం ఒకటి, ట్రైపాడ్, లైట్లు పెట్టి తీయడం ఇంకొకటి. రెండో దానికి, అలాగే అమ్మకానికి వేసే క్యాలెండరు ఫోటోలకు, పురావస్తు శాఖ సర్కిల్ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్టుకు ముందుగా దరఖాస్తు పెట్టుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడమే మంచిది. దేవస్థానం కార్యనిర్వహణాధికారికి కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. ద్వారశాఖ (ద్వారబంధపు నిలువు రాయి) లోతు బాగా కనిపించాలని గడప మీద నీళ్ళు చల్లడం, చెక్కడాల్లో సున్నం, సుద్ద పూయడం మాత్రం ఎంత మాత్రమూ చేయవద్దు. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే 2 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీరు నిషేధం ఉన్న చోట ఫోటో తీశారనే అనుకుందాం. అప్పుడు కూడా సిబ్బంది మిమ్మల్ని బయటకు పంపవచ్చు, పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు, అంతే. ఫోను లాక్కోవడానికి, అందులోనివి తుడిచేయడానికి ఏ చట్టమూ వారికి అధికారమివ్వలేదు. నేర దర్యాప్తు కోసం వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసు అధికారికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 106వ సెక్షను కింద ఉంది తప్ప కాపలాదారుకు లేదు. ఇంకోసారి ఇలా జరిగితే వాదనకు దిగకుండా, పేరు, సమయం రాసుకుని లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక మండువా ఇల్లు. ప్రభుత్వ రోడ్డు మీద నిలబడి, అందరికీ కనిపించే వీధి గుమ్మాన్ని తీస్తే నేరం కాదు. ప్రహరీ దాటి, వద్దన్నా పెరట్లోకి వెళ్ళి తీస్తే మాత్రం అది అక్రమ ప్రవేశం కావచ్చు, భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) 329వ సెక్షను వర్తించవచ్చు. మీ ఫోటోలో నాకు కనిపిస్తున్న అసలు చిక్కు తలుపు కాదు, అరుగు మీది పెద్దావిడ. తన ఇంటి అరుగు మీద తన పనిలో ఉన్న మనిషి ముఖాన్ని ఆమె సమ్మతి లేకుండా అమ్మకపు సరుకు మీద అచ్చు వేస్తే, గోప్యతా హక్కు పేరుతో సివిల్ దావాకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017లో చెప్పిన తరువాత ఇటువంటి అభ్యంతరాలను కోర్టులు తేలికగా తీసుకోవడం లేదు. ఆ కొడుకులు హక్కు గురించి పొరపాటు పడి ఉండవచ్చు గాని, వారి బాధలో న్యాయం ఉంది. పైగా అంత చెక్కడపు తలుపు ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉందో ఫోటో కింద రాయడం దొంగలకు చిరునామా ఇవ్వడమేనని నా అభిప్రాయం.

ప్రెస్సువారితో ఒప్పందం విషయంలో ఒక్క మాట. ఫోటో తీసినవారే సాధారణంగా దాని కాపీరైటుదారు. కాని ప్రెస్సువారు డబ్బిచ్చి, తమ కోరిక మీద మీ చేత తీయిస్తే, వేరే ఒప్పందం లేని పక్షంలో, కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం తొలి హక్కు వారికే వెళుతుంది. హక్కు మీదేనని, వారు ఒక్క సంవత్సరపు క్యాలెండరుకే వాడుకోవాలని ముందే కాగితం మీద రాయించుకోండి.

నోటీసు వచ్చేదాకా ఆగనక్కరలేదు. పెద్దావిడ ఉన్న ఫోటోను పక్కన పెట్టి, ఆ ఇంటివారికి కబురు చేసి, వారు ఒప్పుకుంటే గుమ్మం మాత్రమే ఉండేలా మళ్ళీ తీసి, ఇంటి యజమాని చేత సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకోండి. ఒప్పుకోకపోతే కోనసీమలో మరో మండువా గుమ్మం దొరక్కపోదు.