న్యూజెర్సీ వదిలాక సెల్ఫ్ సర్వీస్ బంకా, ఫుల్ సర్వీస్ బంకా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియాకు ఇల్లు మారుతున్నామనీ, అమెరికా వచ్చాక ఎన్నడూ స్వయంగా పెట్రోలు నింపుకోలేదనీ, ఇకపై అది నేర్చుకోవాలా లేక కాస్త ఎక్కువ ఇచ్చి ఫుల్ సర్వీస్ బంకుకే వెళ్లాలా అనీ అడిగారు. మీలాగే ఈ రెండు రాష్ట్రాల మధ్య పారే డెలావేర్ నది దాటి వచ్చి స్థిరపడినవాడిగా, సెల్ఫ్ సర్వీసే నేర్చుకోమని గట్టిగా చెబుతాను.

న్యూజెర్సీలో 1949 నాటి చట్టం ప్రకారం పెట్రోలును బంకు ఉద్యోగే పోయాలి. ఒరెగాన్ కూడా 1951లో పెట్టిన ఇటువంటి నిషేధాన్ని 2023లో సడలించింది కాబట్టి, రాష్ట్రమంతటా సెల్ఫ్ సర్వీసును పూర్తిగా నిషేధించినది ఇప్పుడు న్యూజెర్సీ ఒక్కటే. అక్కడ అద్దం దించి "రెగ్యులర్, ఫుల్" అంటే సరిపోయేది. పెన్సిల్వేనియాలో ఫుల్ సర్వీస్ బంకులు అరుదు. ఉన్నచోట సాధారణంగా గ్యాలన్‌కు ధర ఎక్కువ. పైగా దూరప్రయాణంలో, రాత్రివేళ హైవే పక్కన ఆగినప్పుడు, పోసేవారి కోసం వెతుక్కునే వీలుండదు.

పని కష్టమైనది కాదు గానీ కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి. కార్డు పెట్టగానే పంపు తరచుగా జిప్ కోడ్, అంటే ఐదంకెల అమెరికా పిన్ కోడ్, అడుగుతుంది. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు తమ కార్డుతో కట్టబోతే, భారతదేశపు పిన్ కోడ్‌లో ఆరు అంకెలు ఉండటంతో యంత్రం తీసుకోలేదు. అటువంటప్పుడు లోపల కౌంటరు దగ్గర పంపు నంబరు చెప్పి ముందుగా చెల్లిస్తే చాలు. డెబిట్ కార్డు వాడితే, మీరు నలభై డాలర్ల పెట్రోలే పోసుకున్నా, అంతకంటే చాలా పెద్ద మొత్తాన్ని బ్యాంకు కొంతసేపు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు, ఖాతాలో నిలిపి ఉంచవచ్చు కనుక, నెలాఖరున నిల్వ తక్కువగా ఉన్నప్పుడు క్రెడిట్ కార్డు వాడటమో లోపల చెల్లించడమో మంచిది. చాలా కార్లకు రెగ్యులర్ అనే మామూలు రకం పెట్రోలే (పంపు మీద 87 ఆక్టేన్ అని ఉండేది) చాలు. మీ కారుకు ఏది కావాలో ట్యాంకు మూత దగ్గర గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. డీజిల్ గొట్టం పిడి తరచుగా ఆకుపచ్చగా ఉంటుంది గానీ కొన్ని కంపెనీలు పెట్రోలుకూ ఆ రంగే వాడతాయి, అందువల్ల రంగును నమ్మకుండా దాని మీద రాసినది చదవండి.

చలికాలంలో మరొక జాగ్రత్త తప్పనిసరి. గొట్టం ట్యాంకులో పెట్టి, చలికి ఆగలేక మళ్లీ కారులో కూర్చుని దిగేవారిని తరచూ చూస్తుంటాను. పొడిగాలిలో సీటుకు దుస్తులు రాసుకుని ఒంట్లో స్థిర విద్యుత్తు చేరుతుంది. దిగి పిడి పట్టుకోగానే నిప్పురవ్వ పుట్టి పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. నిండేదాకా బయటే నిలబడండి. ఎక్కక తప్పకపోతే, గొట్టాన్ని ముట్టుకునే ముందు, ట్యాంకుకు దూరంగా కారు లోహభాగాన్ని వట్టి చేత్తో తాకండి.

ఫుల్ సర్వీసుకు అదనంగా చెల్లించడం దండగని నేను అనను. శస్త్రచికిత్స అయి కోలుకుంటున్నవారికీ, ఎముకలు కొరికే చలిలో చంటిబిడ్డతో ఒంటరిగా ప్రయాణించేవారికీ ఆ డబ్బుకు తగిన విలువ దక్కుతుంది. వైకల్యం ఉన్నవారి విషయం వేరు: సమాఖ్య చట్టం ప్రకారం సెల్ఫ్ సర్వీస్ బంకువారే, అడిగితే, అదే ధరకు పోసిపెట్టాలి. ఒక్క ఉద్యోగే ఉన్న వేళల్లో మాత్రం ఆ నిబంధన వర్తించదు కాబట్టి, అటువంటివారు మీ ఇంట్లో ఉంటే, బయలుదేరే ముందు బంకుకు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.