అడ్డపొగ, అంగిట్లో తెల్లమచ్చ

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా అత్తకి 62 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగే, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. ఈమధ్య ఆవకాయ తగిలితే నోరు మంటంటోంది. చూస్తే అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రచుక్కలు ఉన్నాయి. ‘నొప్పి లేదు కదా’ అని చుట్ట మానట్లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మా అమ్మమ్మా అంతే. నిప్పు లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి వరి ఊడ్చేది. గాలికి చుట్ట ఆరదని ఆవిడ లెక్క!

మామూలుగా చుట్ట కాల్చేవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ అరుదు. అడ్డపొగలో నిప్పు వేడి, పొగ నేరుగా అక్కడే తగులుతాయి కాబట్టి ముప్పు అక్కడే ఎక్కువ. మీరు చూసిన ఎర్రచుక్కలు సాధారణంగా వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. వాటికంటే నాకు భయం ఎర్రగా పరుచుకున్న మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, చేతికి తగిలే గట్టి గడ్డ. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు, ఆ ధీమా వద్దు.

ఈ వారమే పళ్ల డాక్టరుకి చూపించండి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. చుట్ట మానితే తెలుపు చాలావరకు తగ్గొచ్చు. చుట్ట బదులు ఖైనీ మాత్రం ఇవ్వకండి.