ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజే ఎక్కువ జాగ్రత్త

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్లుగా నడుంనొప్పి. స్కానింగ్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. ఒంట్లో బాగున్న రోజు పేరుకున్న పనంతా చేసేస్తాను. ఆ తర్వాత రెండు రోజులు మంచం మీదే. ఆఫీసులో ‘నిన్న బాగానే ఉన్నావుగా’ అంటున్నారు. ఇంట్లోవాళ్లకు భారమయ్యాననిపిస్తోంది. ఉద్యోగం మానేయనా?

జవాబు: మీ నొప్పి నిజమమ్మా. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిలో నాడీవ్యవస్థే అతిగా స్పందిస్తుండవచ్చు. అది స్కానింగ్‌లో కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటిచ్చారు కూడా. ‘ఏమీ లేదన్నారు’ అంటే మీరు నటిస్తున్నారని కాదు. అయితే కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చిక్కంతా ఆ బాగున్న రోజుతోనే. లేవగానే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, ఇవాళే అన్నీ తేల్చేద్దామని మూడు గంటలు కదలకుండా కూర్చుంటారు. లేవబోయేసరికి నడుం పట్టేసి, బల్ల అంచు పట్టుకుంటే తప్ప నిలబడలేరు.

నొప్పి ఆపమన్నప్పుడు కాదు, గడియారం ఆపమన్నప్పుడు ఆపండి. మరీ బాగా, మరీ బాధగా లేని మూడు రోజులు ఎంచుకుని, ఎంతసేపు కూర్చుంటే నొప్పి పెరగడం మొదలవుతుందో రాసుకోండి. 30, 20, 40 నిమిషాలు వచ్చాయనుకుందాం. సగటు 30. అందులో 80 శాతం, అంటే 24 నిమిషాలకు అలారం పెట్టుకోండి. మోగగానే లేచి, మూడు నాలుగు నిమిషాలు నడవండి. ‘ఇంకో ఐదు నిమిషాలే’ అనుకున్న దగ్గరే ఇదంతా చెడుతుంది. రెండు వారాలు నిలకడగా ఉంటే రెండు మూడు నిమిషాలు పెంచండి, నొప్పి తిరగబెడితే పాత అంకెకు రండి. బాగాలేని రోజున కూడా పూర్తిగా పడుకోకుండా మామూలు రోజున కదిలేదాంట్లో సగమైనా కదలండి. రోజుల తరబడి పడకేస్తే ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది.

ఆఫీసులో జబ్బు చరిత్రంతా చెప్పక్కర్లేదు. ‘గంటకు రెండుసార్లు లేచి నడవాలి, రిపోర్టు గురువారం సాయంత్రానికి ఇస్తాను’ అంటే చాలు. గడువు ఒప్పుకునేటప్పుడు మాత్రం మామూలు రోజున ఎంత చేయగలరో ఆ లెక్కే వేసుకోండి. నొప్పి ముదిరిన వారంలో రాజీనామా రాయకండి. ఆరేడు వారాల లెక్క చేతికొచ్చాక పనిగంటలు తగ్గించడం, కొన్ని రోజులు ఇంటినుంచి చేయడం అడిగి చూసి, అప్పుడు ఆలోచించండి.

ఇక భారం అన్న మాట. ‘నువ్వేం చేయకు, పడుకో’ అనే ప్రేమ కూడా కొన్నాళ్లకు ‘నేను పనికిరాను’ అనిపించేలా చేస్తుంది. నెల ఖర్చుల లెక్కో, పిల్లలుంటే వాళ్ల చదువో, కూర్చుని చేయగలిగిన ఒక పని పూర్తిగా మీదేనని ఇంట్లో చెప్పి తీసుకోండి. ఒకవేళ ఆ ఆలోచన ‘నేను లేకపోతేనే నయం’ వరకు వెళ్తుంటే మాత్రం ఒంటరిగా ఉండకండి. ఇవాళే ఇంట్లో ఒకరికి, డాక్టరుకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి.