సలహా ఇవ్వని చదువుకు ఒక సలహా

చి. సుప్రియకు,

పిన్ని ఆశీస్సులు. బెంగళూరులో కౌన్సెలింగ్ సైకాలజీ ఎమ్మెస్సీలో చేరతావట, అక్క చెప్పింది. కౌన్సెలర్‌గా సలహాలివ్వడం మానడానికే నాకు రెండేళ్ల చదువు పట్టింది. ఇప్పుడు సలహాల ఉత్తరం రాయమంటోంది మీ అమ్మ!

ముందు లైసెన్సు సంగతి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ గుర్తించిన కోర్సు చదివి, దాని రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఉత్త కౌన్సెలింగ్ ఎమ్మెస్సీతో, ఎంత పేరున్న కాలేజీ అయినా, ఆ అర్హత రాదు. ఇది తెలియక డబ్బు కట్టి ఏడ్చినవాళ్లను చూశాను.

అమెరికాలో కౌన్సెలర్లకు విడిగా లైసెన్సు ఉంది. అక్కడ కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న పీజీలో 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 గంటలు నేరుగా క్లయింట్ల ఎదుట. నువ్వు అమెరికా వెళ్లకపోయినా ఆ 240 గుర్తుంచుకో. ఇక్కడి కాలేజీకి వెళ్లినప్పుడు భవనాలు చూడకు. క్లయింట్లతో ఎన్ని గంటలు, సూపర్‌విజన్ (మన సెషన్లను సీనియర్లు చూసి సరిదిద్దడం) ఎవరు చేస్తారు అని అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్.

ఎందుకంటే చదువంతా సూపర్‌విజన్‌లోనే ఉంది. మా గురువుగారు క్లయింట్ల అనుమతితో చేసిన రికార్డింగును పొల్లుపోకుండా రాసుకురమ్మనేవారు. ఒకమ్మాయి (వివరాలు మార్చాను, ఇదీ నేర్చుకోవాలి) "నాన్న పోయినరోజు నేను ఆఫీసులో ఉన్నాను" అని ఆగింది. నేను వెంటనే "మీ తప్పేమీ లేదండీ" అన్నాను. ఆ వాక్యం పక్కన ఆయన ఎర్రసిరాతో రాశారు: "ఎవరి బాధ తగ్గించడానికి?" ఆ రాత్రి అన్నం సహించలేదు.

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఏడుపు ఉండదు. బెంగళూరు మారతహళ్లి నుంచి వచ్చే మన తెలుగు కుర్రాళ్లు "యాంగ్జయిటీ" అంటూ మొదలుపెట్టి, అరగంటకు "గుండెల్లో గుబులుగా ఉందండీ" అంటారు. బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు. ఏది అన్నారో అదే రాసుకో. కన్నడం కూడా నేర్చుకో, ఆసుపత్రి ఓపీలో కూర్చున్న మొదటిరోజే అవసరం పడుతుంది.

ఆదివారం కాలేజీల కాగితాలు పట్టుకుని రా. ఈ ఉత్తరం మాత్రం అక్కకు చూపించకు. రెండేళ్లన్న మాట కనబడితే పెళ్లి లెక్కలు మొదలుపెడుతుంది.

మీ పిన్ని