చదవాలంటే 40 డాలర్లు, రాసినవాళ్లకి సున్నా

ప్రశ్న: మాస్టారూ, నేను ఎకనామిక్స్ చదువుకోలేదు కానీ ఆ రీసెర్చ్ పేపర్లు తిరగేయడం సరదా. షేర్ మార్కెట్ మీద ఒక పేపర్ తెరవబోతే 40 డాలర్లు కట్టమంది. అందులో రాసినవాళ్లకి ఎంత ముడుతుంది? అంత ధర ఎలా చెల్లుబాటవుతోంది? ఊరికే చదివే దారేమైనా ఉందా?

జవాబు: రాసినవాళ్లకి పైసా ముట్టదు. పేరున్న ఫైనాన్స్ జర్నల్స్‌లో అయితే పేపర్ పంపడానికి వాళ్లే ఎదురు ఫీజు కట్టాలి. రిఫరీలుగా ఆ పేపర్లను జల్లెడ పట్టే మాబోటివాళ్లకి కొన్ని జర్నల్స్ ఏదో కాస్త ఇస్తాయి. చాలావి అదీ ఇవ్వవు.

ఇక ఆ 40 డాలర్లు మీరు కడతారని పెట్టిన ధర కాదని నా అనుమానం. అసలు బేరం యూనివర్సిటీ లైబ్రరీలతో. వందల జర్నల్స్‌ని పబ్లిషర్లు ఒక్క మూటగా కట్టి ఏడాది చందాకి అంటగడతారు. చదివేది ప్రొఫెసర్, బిల్లు కట్టేది లైబ్రరీ. కాబట్టి రేటు పెరిగినా ప్రొఫెసర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. పోనీ ఖరీదెక్కువని ఒక పేపర్ బదులు ఇంకోటి చదువుదామా అంటే, మీకు కావాల్సిన విషయం ఆ ఒక్కదాంట్లోనే ఉంటుంది. ఎల్సెవియర్ అనే పెద్ద జర్నల్ పబ్లిషర్ ఉంది, దాని మాతృసంస్థ రెలెక్స్ లెక్కలు చూడండి, ఈ వ్యాపారంలో నిర్వహణ లాభం ఆదాయంలో మూడో వంతు దాటుతుంది!

మరి జర్నల్ అమ్మేదేమిటంటే, ముద్ర. ఎకనామిక్స్‌లో 'టాప్ ఫైవ్' అనే ఐదు జర్నల్స్ ఉన్నాయి. వాటిలో పేరు పడితే ఉద్యోగం దాదాపు ఖాయం. ఆ ముద్ర వేసేవాళ్లూ తడబడతారు లెండి. పాత కార్ల బేరం మీద జార్జ్ అకర్లాఫ్ అనే ఎకనామిస్ట్ రాసిన పేపర్‌ని మూడు జర్నల్స్ తిప్పికొట్టాయి. రెండింటికి అది మరీ చిల్లర విషయం. మూడోది, ఇదే నిజమైతే అసలు ఏ సరుకూ అమ్ముడుపోదు కదా అంది. చివరికి 1970లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్ వేసుకుంది. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఊరికే చదివే దారి ఉంది, దొంగదారి కూడా కాదు. ఎకనామిక్స్ వాళ్లు అచ్చుకి ఏళ్ల ముందే వర్కింగ్ పేపర్, అంటే దాని డ్రాఫ్ట్, బయట పెట్టేస్తారు. పేపర్ పేరుతో ఎస్.ఎస్.ఆర్.ఎన్. (SSRN), రెపెక్ (RePEc) అనే సైట్లలో, రచయిత సొంత వెబ్ పేజీలో వెతకండి. (ఎస్.ఎస్.ఆర్.ఎన్.ని 2016లో ఎల్సెవియరే కొనేసింది. అయినా పేపర్లు ఉచితమే.) దొరికాక ముందు మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల నోట్ చూడండి. ఎవరెవరికి థాంక్స్ చెప్పారో అక్కడుంటుంది, ఆ పేజీలోనే డ్రాఫ్ట్ తేదీ కూడా ఉంటుంది. రిఫరీలు సతాయించాక టేబుల్స్‌లో అంకెలు మారిపోవడం మామూలే, అందుకని ఆఖరి తేదీ ఉన్నదే దించుకోండి. అదీ దొరక్కపోతే రచయితకి రెండు ముక్కల మెయిల్ పెట్టండి. తన పేపర్ చదువుతామంటే కాదనే ప్రొఫెసర్‌ని నేనింకా చూడలేదు.