నల్గొండ జిల్లాలో ప్రతి రోడ్డు ప్రమాదాన్నీ లోతుగా పరిశోధించాలా, కొన్నింటిని నమూనాగా చూస్తే చాలా?

మరణాలు జరిగిన వాటిని ఒక్కటి కూడా వదలకూడదు. గాయాలతో బయటపడిన వాటికి నమూనా చాలు, అయితే ఎంపిక సరిగ్గా ఉండాలి.

అమెరికా చేస్తున్నది ఇదే. ప్రాణాంతక ప్రమాదాలన్నింటినీ 1975 నుంచి నమోదు చేస్తోంది. మిగతావాటి కోసం దశాబ్దాల కిందట ఎంచుకున్న ప్రాంతాలు పాతబడటంతో మళ్లీ ఎంపిక చేసి, 2016లో పోలీసు నివేదికల నమూనాను, 2017లో లోతైన పరిశోధన నమూనాను కొత్తగా ప్రారంభించింది.

మన దేశంలో రోడ్డు ప్రమాదాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్ 'ఐరాడ్' అమలు 2021లో మొదలైంది. ఇదివరకు ఎఫ్ఐఆర్‌లో 'చిట్యాల దాటాక, బంకు సమీపంలో' అని రాస్తే, ఏ మలుపు సరిచేయాలో ఇంజినీరుకు తెలిసేది కాదు. ఇప్పుడు పోలీసు ఘటనాస్థలంలోనే ఫోనులో ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు నమోదు చేస్తారు. రవాణా, రహదారుల, వైద్య శాఖలు తమ వివరాలు జతచేస్తాయి. ఇది నిజంగా పెద్ద ముందడుగు.

లోటు మరోచోట ఉంది. పోలీసుల దాకా రాని ప్రమాదాలు ఇందులో కనబడవు. బైకు జారి కాలు విరిగినవారు నేరుగా ఆసుపత్రికి వెళ్తారు, కేసు ఉండదు. అందుకే 108 అంబులెన్సు, ఆసుపత్రి రికార్డులతో సరిపోల్చడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

నమూనాకు 65వ నంబరు జాతీయ రహదారినే తీసుకుంటే దేవరకొండ వైపు పల్లె రోడ్లు లెక్కలోకి రావు. కాలం కూడా చూడాలి. మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం తరలే రోజుల్లో వెనుక లైట్లు లేని ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డు మీదే ఉంటాయి. వేసవిలో తీసిన నమూనా ఒక్కటే అయితే వానాకాలం పంట తరలే రోజుల ప్రమాదాలు అందులో దొరకవు.